గిలక్కాయల యాకయ్య

యాకయ్య చేతిల రెండు గిలక్కాయలు.
లోపట రాళ్లున్నయో, కుంకుడు గింజలున్నయో
ఎవలు పలగ్గొట్టి చూసిన్రు?

మట్టెవాడల మా బ్యాండు దుకాణం షెట్టరు లేపితే
గోడకు పన్నెండు ఎర్రకోట్లు.
యాకయ్య కోటుకు సంకలకాడ కుట్ల మీద కుట్లు,
రెండు పెండ్లిళ్లకోసారి పిగులుతది.
ఆయన సందు మలుపు తిరుగంగనే
దర్జీ నాంపల్లి సూది ఎతుక్కుంటడు.

నేను క్లారినెట్టు. మొగిలి నా పేరు.
ఇరవై రెండేండ్ల సంది ఊదుతున్న.
కింది పెదవి లోపట కాయ కాసింది.
సుతి తప్పితే నాకే తెలుస్తది,
తప్పకున్నా నాకే తెలుస్తది.
జనం మాత్రం
యాకయ్య మోకాళ్లను ఇంటరు.

అవును, ఇంటరు. నోరు జారలే.

బరాత్ కాశిబుగ్గ దాటినంక
పెండ్లిపిల్లగాని దోస్తులు
పదిరూపాల నోటు తారురోడ్డు మీద ఏస్తరు.
యాకయ్య దానికి వీపు చూపిస్తడు.
ఎనుకకు వొంగుతడు,
ముందుగాల మెడ,
అటెంక రొమ్ము,
కొద్దిగ ఆగి, మనల్ని సతాయించి, నడుము.
టోపీ కుచ్చు దుమ్ముల రాసుకుంటది.
పండ్లతోని నోటు అందుకుని
బాయిల బొక్కెన లేసినట్టు లేస్తడు.
అప్పటిదాంక చేతులు ఆగయి.
పెద్ద డ్రమ్ము మీద పడ్డ దెబ్బ
ఆయన భుజంల పడ్డంకనే మాకు దెబ్బయితది.
పాట నడుమ నేను దారి తప్పిన్నంటే
ఆయన ఎడమ మడిమ చూసి ఒడ్డుకొస్త.

కూలి నాకన్న యాభై తక్కువ.
బక్షీసంత ఆయనకే రాలుతది.
తెచ్చి డ్రమ్ము మీద పోస్తడు,
పన్నెండు పాళ్లు పెడతడు,
చిల్లర మిగిలితే చాయ్‌కి.

అయినా నాకు కడుపుల మంటే.
ఒకనాడు అడిగేసిన:
"ఇన్ని బాకాల నడుమ
నీ గిలక్కాయ నీకన్న ఇనబడుతదానె?"
బీడి ముట్టిచ్చి నవ్విండు.
"ఇనబడేటందుకు
మీరు పదకొండు మంది లేరా తమ్మీ?"

మొన్న మాఘమాసంల
పోచమ్మమైదాన్ చౌరస్తా కాడ
జనరేటరు దగ్గి దగ్గి సచ్చింది.
లైట్లు మోసే ఆడోళ్ల నెత్తుల మీద
ఒక్కసారే నల్లగ.
వీధి కరెంటు సుత లేదు.
ట్రంపెట్టు ఒక దిక్కు పోయింది,
డ్రమ్ము ఇంకో దిక్కు, అందరం ఆగినం.
గుర్రం తోక ఇదిలిస్తున్నది.
ఎవలో డీజిలు కోసం ఉరికిన్రు.

గప్పుడు ఇనబడ్డది.

సర్... సర్సర్... సర్.
చాటల నువ్వులు చెరిగినట్టు.
దాని కింద రబ్బరు బూట్ల అడుగులు,
అడుగు అడుగు నడుమ
ఉస్సుమనుకుంట ఒక ఊపిరి.
ఇరవై రెండేండ్లు పక్కపొంటి నడిచి
గా సప్పుడు నేను ఇనుడు గదే మొదలు.

చూసేటోడు లేడు.
పైసలేసేటోడు లేడు.
చీకట్ల ఎట్ల ఎగురుతున్నవో ఏమో యాకన్నా,
నాకు కండ్లు మూసుకోబుద్ధయింది,
మూసుకున్నా తెరిచినా ఒకటే అయినా.

లైట్లు అచ్చినయి.
ఒక మోకాలు నేలకు,
చేతులు రెండు సంకలు పిగిలిపోయేటంత మీదికి,
నోరు తెరుచుకొని ఉన్నడు.
నన్ను చూసి సిగ్గుపడ్డడు,
తానం చేస్తుంటే తడిక జరిపినట్టు.
నేను తల తిప్పుకున్న,
రీడు తుడుచుకున్న,
ఊదిన.

ఇంటికొచ్చేటాల్లకు మూడైంది.
బీరువా అద్దం ముంగట నిలబడి
మెల్లగ ఎనుకకు వొంగి చూసిన.
మెడ పోయింది.
రొమ్ము కొద్దిగ పోయింది.
నడుము కాడ ఆగి,
ఎనుకకు పోదు, ముందుకు రాదు.
మోకాలు కిర్రుమన్నది.

మా సారమ్మ మంచంల నుంచే,
"ఏమైందయ్యా, నడుము పట్టిందా?
జండుబాము తేవాల్నా?"

"నువ్వు సప్పుడు జెయ్యకు," అన్న.
"ఇంటున్న."